అందం ఉన్నచోటే అనే మాట

నూట పద్దెనిమిది రోజులు మా ఆవిడకు నా ముఖం చూపించలేదు. పాలగొట్టాలు కడిగే వేడినీళ్ళ పైపు ఊడి నా ఎడమ చెంప కాలింది. పుండు మానింది, మచ్చ మిగిలింది. ఆమె వీడియో అడిగినప్పుడల్లా నెట్టు రావడం లేదని చెప్పేవాణ్ణి.

సౌదీలోని అల్ ఖర్జ్ డెయిరీలో నా పని ఆవుల లెక్క. పట్టికలు వేయడం, సగటులు తీయడం ఇక్కడికొచ్చాక నా అంతట నేనే నేర్చుకున్నాను. ఆవుకొక వరుస: చెవి నంబరు, పాలు, పశువైద్యుడి మాట. ఆయన డచ్చివాడు. తొందరలో తన భాషలోనే రాసేస్తాడు. ఏడు ఆవుల ఎదుట 'ఒంట్‌సీరెన్' అనే ఒకే క్రియ కనిపించింది. ఫోనులో వెతికితే 'పాడుచేయు' అని వచ్చింది. పాడైనవే కదా అని ఏడింటినీ అమ్మకపు జాబితాలో వేశాను.

మర్నాడు ఆయన నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి, చెంప మీద తీగ గీరిన మచ్చ ఉన్న ఆవు ముందు నిలబెట్టాడు.

"ఇదెన్ని లీటర్లిస్తుంది?" అన్నాడు ఇంగ్లీషులో.

"నలభై ఒకటి."

"మరెందుకు అమ్ముతున్నావు?"

"పాడైందని మీరే రాశారు కదా సార్."

ఆయన నవ్వాడు. "చూపుకు మాత్రమే. మా దగ్గర పచ్చిక బయలు నడుమ ప్రకటన బోర్డు నిలబెడితే ఈ మాట అంటాం. చెత్తకుప్ప మీద ఇంకో సంచి పడేస్తే అనం. అందం ఉన్నచోటే ఈ మాట."

అంటున్నంతసేపూ ఆయన ఆవునే చూశాడు, నా వైపు చూడలేదు.

ఏడు నంబర్లూ జాబితాలోంచి తీసేశాను.

శుక్రవారం మధ్యాహ్నం గదిలోని మిగతా ఐదుగురూ బజారుకు పోయారు. మా ఆవిడకు నేనే వీడియో కలిపాను. ఆమె ఫోనును ముఖం దగ్గరకు తెచ్చుకుని చూసింది.

"ఎన్ని దినాలాయె?"

"నూట పద్దెనిమిది."

"లెక్క బాగా పెట్టినావు. చెప్పేదానికే నోరు రాలేదు." కళ్ళు తుడుచుకుంది. "నెట్టు ఈ పొద్దు బాగనే ఉండాదే."

మచ్చ ఉన్న చెంపను ఫోను వైపు తిప్పాను.

"ఆ పక్క గడ్డం యాల గీకలేదు?"

"అద్దంలో ఆ పక్కకు చూసుకోను."

"పోయి గీక్కో. నేను చూస్తాంటా."

ఫోనును కిటికీకి ఆనించి, మచ్చ చుట్టూ మెల్లగా గీసుకున్నాను. ఆమె చూస్తూనే ఉంది. ఫోను పెట్టేశాక గదిలో మళ్ళీ నేనూ, ఐదు ఖాళీ మంచాలే.