ఎండదరి సిప్రియాన్ వైభవం

కొండల నడుమ మా ఓర్బియేలో కొత్తవాణ్ణి ముందు అడిగేది పేరు కాదు, ఏ దరి అని. ఊరి నడుమ ఏరు. ఏటికి ఉత్తరాన ఎండదరి, దక్షిణాన నీడదరి. నవంబరులో సెయింట్ మార్టిన్ పండగనాడు దక్షిణపు కొండ వెనక్కి జారిన సూర్యుడు నీడదరి వాళ్ళకి మళ్ళీ మొహం చూపించేది ఫిబ్రవరిలో, కొవ్వొత్తుల పండక్కే. అందాకా వాళ్ళు ఏటి అవతల ఎండలో ఆరుతున్న ఎదుటివాళ్ళ దుప్పట్లు చూసుకుంటూ బతకాలి.

సిప్రియాన్ రొస్తాన్ ఎండదరిలో పుట్టాడు. అందులో అతని గొప్పేమీ లేదు, నొప్పులు పడ్డది వాళ్ళమ్మ. అయినా దాన్ని తన ప్రయోజకత్వంగానే చెప్పుకునేవాడు. ఇంటి గోడకి ఆనించి ఒక రాతి అరుగు ఉండేది. చలికాలమంతా దానిమీద టోపీ వెనక్కి నెట్టుకుని కూర్చుని, ఎండ తన తాత సంపాదించి పెట్టిపోయినట్టు కాచుకునేవాడు. పెళ్ళి చేసుకోలేదు. అరుగుమీద ఇద్దరికి చోటు చాలదని కాబోలు.

ఊరి చరిత్ర కూడా అతనే చెప్పాలి. "రోమన్లు వచ్చినప్పుడు ఎండదరిలోనే దిగారు. దొంగల్నీ, ఇల్లరికపు అల్లుళ్ళనీ నీడదరికి తోలారు" అనేవాడు. నీకెవరు చెప్పారయ్యా అంటే, "తెలివైనవాళ్ళు కదా, ఇంకెక్కడ దిగుతారు?" అనేవాడు. అంతకన్నా రుజువు అతనికి ఎప్పుడూ అవసరం పడలేదు.

తండ్రి పోయాక చెల్లెలు లియొనీతో పంపకాలు జరిగాయి. సిప్రియాన్ ధర్మాత్ముడు. ఏటికి రెండు దరులా ఉన్న తండ్రి కొండభూమిని తాడు పెట్టి కొలిచి, జానెడు తేడా రాకుండా సగం సగం చేశాడు. ఎండ సగం తను తీసుకుని నీడ సగం ఆవిడకిచ్చాడు. "నీకు చల్లగా ఉంటుందే" అన్నాడు. ఆ హాస్యానికి తనే వారం రోజులు నవ్వుకున్నాడు. లియొనీ నవ్వలేదు, పోట్లాడలేదు. కట్టెలు కొట్టే ఒనొరేని పెళ్ళి చేసుకుని ఏరు దాటింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఒనొరేకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మందు కన్నా ఎండ ముఖ్యమన్నాడు డాక్టరు. లియొనీ వంతెన దాటి వచ్చి అన్నగారి అరుగు ముందు నిలబడింది.

"అన్నయ్యా, నీ ముందుగది ఖాళీగానే ఉందిగా. ఈ ఒక్క చలికాలం ఆయన్ని అందులో పడుకోబెట్టనా?"

సిప్రియాన్ టోపీ సర్దుకున్నాడు. "ఇద్దామనే ఉందే పిల్లా. కానీ గదినిండా విత్తనపు దుంపలు పోశాను. వాటినెక్కడ పెట్టను చెప్పు?"

లియొనీ ఎండ పడుతున్న ఆ గది కిటికీ వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఒనొరే జనవరిలో పోయాడు. నేల రాయిలా గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి పార దిగలేదు. అలాంటప్పుడు మావాళ్ళు చేసేదే చేశారు. శవాన్ని దుప్పటిలో చుట్టి, ఇంటికప్పు మీద మంచులో దాచి, ఏప్రిల్లో పూడ్చారు. లియొనీ ఆ కప్పు కిందే రోజూ సూప్ కాచుకుని తాగింది. ఇది చెప్పేటప్పుడు మాత్రం నాకు సిప్రియాన్ మీద నవ్వు రాదు.

కొవ్వొత్తుల పండగనాడు నీడదరిలో ఇంటికొకరు పెనం, కుంపటి పట్టుకుని వంతెన మీదికి రావాలి. సూర్యుడు కొండ మీద తొంగిచూడగానే గుండ్రంగా అట్లు పోసి, మొదటిది ఆయనకి చూపించి, తక్కినవి పంచాలి. ఎండదరి వాళ్ళు ఖాళీ పళ్ళేలతో, నోటినిండా వెటకారాలతో వస్తారు. సిప్రియాన్ ఏటేటా చెల్లెలి అట్టు తిని ఒకే మాట అనేవాడు. "ఈసారి మీ సూర్యుడు కాస్త మాడాడే!"

పదిహేనేళ్ళు ఇలాగే గడిచాయి. అప్పుడు పట్నం నుంచి స్కీ కంపెనీ ఇంజనీరు వచ్చాడు. తీగమీద కుర్చీలు కట్టి మనుషుల్ని కొండెక్కిస్తారట, వాళ్ళు మంచు మీద జారడానికి డబ్బులిస్తారట. ఆలూ లేదు చూలూ లేదు, సిప్రియాన్ అప్పుడే తను కట్టబోయే హోటలుకి 'సూర్యభవనం' అని పేరు పెట్టేశాడు. పొగబెట్టిన పందితొడ కోసి, కొండపూల సారా పోసి, ఇంజనీరుని వెంటబెట్టుకుని తన వాలంతా తిప్పాడు. ఇంజనీరు కర్ర గుచ్చి చూస్తే మధ్యాహ్నానికే మంచు నీళ్ళై బురద తగిలింది.

"అవతలి వాలు మీద ఏముంది?" అన్నాడు ఇంజనీరు.

"అక్కడా? ఏమీ లేదండీ. మా చెల్లెలు ఉంటుంది."

ఇంజనీరు ఏరు దాటి వెళ్ళాడు. కర్ర పిడిదాకా దిగింది. "మే నెలదాకా కరగదు! బంగారమయ్యా ఇది!" అని మురిసిపోయి, వేసవిలో వస్తామని చెప్పి వెళ్ళాడు.

ఆ రాత్రి సిప్రియాన్‌కి కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే వంతెన దాటాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెల్లెలింటికి.

"లియొనీ, నాన్న నీకు అన్యాయం చేశాడే" అన్నాడు, పంచింది తను కానట్టు. "నా మనసు ఒప్పుకోవడం లేదు. నా భాగం నువ్వు తీసుకో, నీది నాకిచ్చెయ్."

"ఇల్లు కూడానా?"

"ఇల్లు కూడా."

"ముందుగది?"

"అన్నీనే తల్లీ!"

"అరుగు?"

"అది గోడకే ఉందిగా, నేను మోసుకుపోతానా?"

లియొనీ శాలువా కప్పుకుంది. "పద, నోటరీ దగ్గరికి."

పిచ్చిది, సంగతి తెలియక సంతకం పెట్టిందని సిప్రియాన్ తిరుగుదారంతా పొంగిపోయాడు. పాపం, ఆవిడకి అన్నీ తెలుసు. ఇంజనీరు కేకలు ఆవిడ వాకిట్లో నిలబడి వేసినవే. ఆవిడకి మంచు అక్కర్లేదు, అంతే.

వేసవి వచ్చింది, ఇంజనీరు రాలేదు. పక్క లోయలో రోడ్డు వెడల్పుగా ఉందని కంపెనీ అక్కడే తీగ కట్టుకుంది. నవంబరు వచ్చింది, సూర్యుడు పోయాడు. రోమన్లు కాదనుకున్న దరిలో సిప్రియాన్, ఒనొరే పోయిన మంచం మీద, ఒనొరేలాగే దగ్గుతూ పడుకున్నాడు. ఎదుట ఎండలో, అరుగు మీద లియొనీ మేజోళ్ళు అల్లుకుంటూ కనిపించేది.

కొవ్వొత్తుల పండగ వచ్చింది. నీడదరిలో ఇల్లున్నవాడు పెనం పట్టాల్సిందే. సిప్రియాన్ వంతెన మీద వణుకుతూ పిండి పోశాడు. లియొనీ ఖాళీ పళ్ళెంతో వచ్చి, మొదటి అట్టు తుంచి నోట్లో వేసుకుంది. ఏమంటుందా అని ఊరంతా చెవులు రిక్కించింది. ఇంకో ముక్క తుంచుకుంది.

అతనే గొంతు తగ్గించి అన్నాడు. "చెల్లీ, దగ్గు ప్రాణం తీస్తోందే. ఎండ కావాలంటున్నాడు డాక్టరు. చలి పోయేదాకా ఆ ముందుగదిలో పడుకుంటానే."

"ఇద్దామనే ఉందన్నయ్యా. కానీ గదినిండా విత్తనపు దుంపలు పోశాను."

సిప్రియాన్‌కి ఒళ్ళు మండింది. "మతి ఉందా నీకు? ఎండగదిలో ఎవరైనా విత్తనపు దుంపలు పోస్తారా? చలికాలంలోనే మొలకలెత్తి పాడైపోవూ? చీకటి కొట్లో పొయ్యాలని పసిపిల్లకైనా తెలుసే!"

లియొనీ పళ్ళెం వంతెన గోడ మీద పెట్టింది.

"తెలుసా?" అంది లియొనీ. "నీకెప్పటినుంచి తెలుసన్నయ్యా?"

పెనం మీద అట్టు మాడి వాసన కొట్టింది.

గదిలో దుంపలేమీ లేవు. ఆ సాయంత్రమే లియొనీ అందులో అన్నకి పక్క వేసింది. చలి పోయేదాకా రోజూ పొద్దున్నే వేడి సూప్ తెచ్చి అతని చేతికిచ్చి, మంచం పక్కన కూర్చుని, ఆ ప్రశ్నే మళ్ళీ అడిగేది.