వీపు మీద లేని పొక్కులు

అది 2022 డిసెంబర్. సంగారెడ్డిలో ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పటాన్‌చెరు దాకా ఉన్న ఫ్యాక్టరీల నుంచి మా దగ్గరికి చాలామంది వచ్చేవాళ్ళు. సిమెంటు పట్టి పగిలిన చేతులు, రంగుల ఘాటుకి ఉబ్బిన కనురెప్పలు రోజూ చూసేదాన్ని. దీన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. ఒంటికి పడనిది తగిలి చర్మం వాచిపోవడం అన్నమాట. పడనిదేదో కనిపెట్టి దూరం పెడితే చాలావరకు తగ్గుతుంది. పసిపిల్లలకు వచ్చే ఎగ్జిమా ఇంత సులువుగా మాట వినదు.

శాన్వి అప్పటికి పాకుతున్న పిల్ల. వాళ్ళమ్మ మౌనిక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. ఇల్లు పోతిరెడ్డిపల్లిలో. పాప బుగ్గలు, మోచేతులు, మోకాళ్ళు ఎర్రగా పొడిబారి, గోకీ గోకీ రసి కారుతుండేవి. మా డాక్టరు మేడం ఆమెకు ఓపిగ్గా చెప్పారు. ఇది అటోపిక్ డెర్మటైటిస్, అంటే పసిపిల్లల ఎగ్జిమా, అంటువ్యాధి కాదు. ఇంట్లో ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవాళ్ళ పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ పిల్లల చర్మం గిలాబు పూత రాలిన గోడ లాంటిది. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి చెడు లోపలికి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళు పోసి, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ పట్టించాలి. ఎర్రబడ్డ చోట స్టెరాయిడ్ క్రీమ్ చెప్పినన్ని రోజులే పూయాలి.

మౌనిక అన్నిటికీ తలూపి వెళ్ళింది. తర్వాత ప్యాకింగ్‌లో ఎవరో స్టెరాయిడ్ పూస్తే తోలు పలచబడుతుందని భయపెట్టారట, మానేసింది. నెలల తరబడి ఇష్టమొచ్చినట్టు పూస్తే పలచబడే మాట నిజమే. కానీ మధ్యలో మానేస్తే ఎర్రదనం తిరగబెట్టి, చర్మం పగిలిపోతుంది. ఈ సగం తెలిసిన సలహాలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చలి ముదిరాక ఒక ఉదయం మౌనిక ఒక్కతే వచ్చింది.

"సిస్టర్, పాపకు తల్లి పోసింది. మా అత్తమ్మ మందులన్నీ బంద్ చెయ్యమన్నది. జెర మాయిశ్చరైజరన్న పూయొచ్చా అని అడగనీకి వచ్చిన."

తల్లి పోయడమంటే ఆటలమ్మ. ఆ ఇంట్లో అప్పటికే తాలింపులు ఆపేసి, గుమ్మానికి వేపకొమ్మలు కట్టి ఉంటారని నాకు తెలుసు.

"పాపేది?"

"ఇంట్లనే ఉన్నది. తానం పోసేదాంక గడప దాటియ్యొద్దు గద."

ఫోన్‌లో ఫొటో ఉంటే చూపించమన్నాను. వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి చూశాను. ఆటలమ్మలో ఒక పొక్కు అప్పుడే లేస్తుంది, ఇంకొకటి నీరు పడుతుంది, మరొకటి ఎండుతుంది. ఇక్కడ అన్నీ ఒకే సైజులో, చిల్లు పొడిచినట్టు గుండ్రంగా ఉన్నాయి. అదీ ఎగ్జిమా ఉన్న చోటే గుంపుగా. కుడి కన్ను వాచి మూసుకుపోయింది.

ఫోన్ తీసుకెళ్ళి మేడం ముందు పెట్టాను. ఆవిడ గొంతు తగ్గించారు.

"ఎగ్జిమా హెర్పెటికమ్ లాగుంది. వెంటనే అడ్మిట్ చెయ్యాలి. నువ్వు వెళ్ళి పిల్లని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళు. పటాన్‌చెరు పిల్లల ఆసుపత్రికి నేను ఫోన్ చేస్తాను."

పెద్దవాళ్ళకు జ్వరం తర్వాత పెదవి మీద లేచే పొక్కు ఉంటుంది కదా, దానికి కారణమైన వైరస్సే ఇది. మామూలు చర్మం మీద ఒక పొక్కుతో ఆగిపోతుంది. ఎగ్జిమాతో పగిలిన చర్మం దొరికితే ఒళ్ళంతా పాకుతుంది. కంట్లోకి వెళితే చూపు పోవచ్చు, ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. ఆటోలో మౌనిక పక్కన కూర్చున్నానే గానీ, ఈ చివరి మాట ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటి ముందు బకెట్టులో వేపాకు నీళ్ళున్నాయి. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను. పాపని వేపాకుల మీద పడుకోబెట్టారు. ఎప్పుడు చూసినా గోక్కుంటూ ఉండే పిల్ల, ఆ రోజు గోక్కోవడం లేదు. ఏడవడం లేదు. నుదురు కాలిపోతోంది. పాలు పట్టి ఎంతసేపయిందని అడిగితే, పొద్దుటి నుంచి ముట్టలేదన్నారు. పాపని ఎత్తుకోబోయాను.

పిల్లకీ నాకూ మధ్యలో వాళ్ళ నాయనమ్మ మల్లమ్మ వచ్చి కూర్చుంది.

"దవఖానకు వద్దు బిడ్డా. ఇంట్ల తల్లి ఉన్నప్పుడు సూది పొడిస్తే కండ్లు తీస్కపోతది. నా తమ్మునికి గట్లనే అయింది. మా జోగిపేట దిక్కు పెద్దతల్లి వచ్చినప్పుడు మా నాయిన సూది ఏపిచ్చిండు. రెండు కండ్లూ పోయినయి. నేను సూసిన."

పెద్దతల్లి అంటే మశూచి. మూఢనమ్మకమని కసిరేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె చెయ్యి పాప వాచిన కన్నుకి అడ్డంగా ఉంది. ఆమెది మొండితనం కాదు, భయం. నాకున్నదీ ఆ భయమే. ఆ కళ్ళ గురించే.

"పెద్దమ్మా, నేను కూడా ఆ కన్ను గురించే పరిగెత్తుకొచ్చాను. మీరెంతమందికి ఆటలమ్మ చూసుంటారు?"

"మస్తుమందికి సూసిన. వాడకట్టుల ఎవరికి పోసినా నన్నే పిలుస్తరు."

"అయితే మీరే చెప్పండి. ముందు ఎక్కడ లేస్తాయి?"

"పొట్ట మీద, ఈపు మీద."

"ఒకసారి వీపు చూడండి."

ఆమె మనవరాలిని మెల్లగా బోర్లా తిప్పి చొక్కా ఎత్తింది. వీపు మీద ఒక్క పొక్కు లేదు. అరచేత్తో పైనుంచి కిందికి నిమిరింది. నమ్మకం కుదరక మళ్ళీ నిమిరింది.

"ఈపంత సాఫ్‌గున్నది," అంది తనలో తాను. తర్వాత నా వైపు చూసి, "సూదేసినంక కండ్లు పోతే?"

పోవని చెప్పేస్తే ఆ క్షణం గడిచిపోయేది. అబద్ధమాడలేకపోయాను. "పోవని నేను ఒట్టు పెట్టలేను పెద్దమ్మా. కానీ ఇక్కడే ఉంచితే మాత్రం నాకు చాలా భయంగా ఉంది."

ఆమె మనవరాలి చొక్కా దించి లేచింది. తర్వాత గుమ్మానికి కట్టిన కొమ్మ ఒకటి విప్పి చేతిలో పట్టుకుంది. "నేనూ వస్త. గిది నాతోనే ఉంటది."

"ఉండనివ్వండి."

ఇస్నాపూర్ దగ్గర లారీలు అడ్డంపడి ఆటో ఆగిపోయింది. పాప ఊపిరి అందుతోందో లేదోనని మాటిమాటికీ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మౌనిక నా వేలినే చూస్తోంది. అంత భయపడిన ప్రయాణం నా సర్వీసులో ఇంకోటి లేదు.

ఆసుపత్రిలో పుండ్లు లేని చోటు వెతికి సెలైన్ సూది ఎక్కించేసరికి అందరికీ చెమటలు పట్టాయి. వైరస్‌ని అదుపుచేసే ఎసైక్లోవిర్ నరంలోకి ఎక్కించారు. పుండ్లలో చీము పట్టకుండా యాంటీబయాటిక్ ఇచ్చారు. అవి తగ్గేదాకా స్టెరాయిడ్ క్రీమ్ ముట్టుకోవద్దన్నారు. కంటి డాక్టరు వచ్చి, వాచిన రెప్ప తెరిచి, పసుపు రంగు చుక్క వేసి నీలి లైటులో చూశాడు. పుండు ఉంటే అక్కడ రంగు నిలుస్తుంది. ఆయన తలెత్తేదాకా మల్లమ్మ కొమ్మని గుండెకి అదుముకునే ఉంది.

"ఇప్పటికైతే నల్లగుడ్డు మీద ఏమీ లేదు. రోజూ చూస్తాను," అన్నాడు.

అప్పుడొచ్చాడు పాప నాన్న రమేశ్, షిఫ్టు మధ్యలోంచి యూనిఫాంతోనే. పిల్లల డాక్టరు అతని ముఖం చూసి ఆగిపోయారు. కింది పెదవి మీద ఎండుతున్న పొక్కు ఉంది.

"ఇది ఎప్పుడు లేచింది?"

"మొన్న జరమొచ్చినప్పుడు సార్. ఎప్పుడూ లేస్తుంటది. చిన్న పొక్కే గద."

డాక్టరు విషయం చెబుతుంటే రమేశ్ చెయ్యి పెదవి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. డ్యూటీ నుంచి రాగానే పిల్ల బుగ్గలు ముద్దాడటం అతనికి అలవాటట. వార్డు గుమ్మం బయటికి వెళ్ళి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడ్డాడు.

"నాతోనే అంటుకున్నదా సిస్టర్?"

"అయ్యుండొచ్చు. మీకెవరూ చెప్పలేదు కదా." మేము కూడా చెప్పలేదు. పూయాల్సిన క్రీములు, వాడకూడని సబ్బులు చెబుతాం గానీ, ఈ మాట చెప్పే అలవాటు అప్పటికి మా క్లినిక్‌లో లేదు.

జ్వరం దిగి, శాన్వి మొదటిసారి గొంతెత్తి ఏడ్చిన పూట మౌనిక కూడా ఏడ్చింది. కన్ను దక్కింది. కనుబొమ పక్కన రెండు గుంటలు మాత్రం మిగిలాయి.

తర్వాత మా క్లినిక్‌కి రివ్యూకి పాపతో మౌనిక, రమేశ్ వచ్చారు. మాయిశ్చరైజర్, మళ్ళీ మొదలుపెట్టిన క్రీమ్ పద్ధతిగా వాడుతున్నారు, చర్మం నున్నబడింది. నాన్న ఒళ్ళో ఉన్న పిల్ల అతని మెడ పట్టుకుని ముఖం దగ్గరికి పెట్టింది. అతను గబుక్కున తల తిప్పేసుకున్నాడు. పెదవి ఎప్పుడో మానిపోయింది. పొక్కు గానీ, లేవబోయే ముందు చురుకు గానీ లేనప్పుడు భయం చాలా తక్కువని, ముద్దు పెట్టుకోవచ్చని మేడం చెప్పారు. అతను మౌనిక వైపు చూశాడు, తర్వాత వంగి పిల్ల పాదం మీద ముద్దు పెట్టాడు. బుగ్గ మీద పెట్టలేకపోయాడు.

అప్పటి నుంచి ఎగ్జిమా ఉన్న ఏ బిడ్డ వచ్చినా, క్రీములన్నీ చెప్పాక ఇంకో మాట అడుగుతాను. ఇంట్లో ఎవరికైనా పెదవి మీద పొక్కు లేస్తుంటుందా అని. అడగడానికి అదేం ప్రశ్నన్నట్టు కొందరు నవ్వుతారు. ఒక్కోసారి ఎవరో నవ్వు ఆపి, చెయ్యి మెల్లగా నోటి దగ్గరికి తీసుకెళతారు. అప్పుడు కుర్చీ వాళ్ళ దగ్గరికి లాక్కుని కూర్చుని, తొందరపడకుండా చెప్పడం మొదలుపెడతాను.