పెరుగు ముద్ద లేకుండా డ్యూటీకి

మా ఇంట్లో మగవాళ్ళు పెరుగన్నం తినకుండా డ్యూటీకి గడప దాటరు. ఈ రూలు ఎవరు పెట్టారో తెలీదు గానీ అమలు చేసేది మాత్రం మా అమ్మ. మా నాన్న ఉన్నన్నాళ్ళూ బిలాస్‌పూర్‌లో గూడ్స్ బండ్ల డ్రైవరు. నేనూ అంతే. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు, పేరు పెరిగింది, పని అదే. ఏ వేళ పిలుపొచ్చినా అమ్మ లేచి, గట్టి పెరుగు వేసి అన్నం మెత్తగా కలిపి, చివరి ముద్ద తన చేత్తో నా చేతిలో పెట్టేది. అది తింటే బండి క్షేమంగా తిరిగొస్తుందని ఆవిడ నమ్మకం. సిగ్నళ్ళూ బ్రేకులూ ఏదో అలంకారానికి ఉన్నాయన్నమాట.

అలాంటి ఇంట్లో నేను పెరుగు మానేశాను.

చేపలూ మాంసమూ అంతకు ముందే మానేశాను. వానాకాలంలో పొలాలన్నీ బురదైపోతే పశువులు పొడిచోటు వెతుక్కుంటూ పట్టాల మీదికి ఎక్కుతాయి. బొగ్గు నిండిన బండి మనం అనుకున్న చోట ఆగదు. హారన్ నొక్కిపట్టి, బ్రేకు వేసి, ఆ తర్వాత చూస్తూ ఉండటమే. కొన్ని పక్కకి తప్పుకుంటాయి. కొన్ని తల తిప్పి మన వైపే చూస్తాయి. ఆ చూపు గురించి ఇంతకన్నా రాయలేను. బండి ఆగాక అసిస్టెంట్ దిగి ఇంజన్ ముందు భాగం చూసి వస్తాడు. మళ్ళీ కదులుతాం.

అలాంటి ఒక రోజు ఇంటికొస్తే మా ఆవిడ చేపల పులుసు వడ్డించింది. నాకు ప్రాణం ఆ కూరంటే. కలుపుకున్నాను గానీ ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. బండి కింద పడేవాటిని ఆపడం నా చేతిలో లేదు, పళ్ళెంలోకి వచ్చేవాటిని ఆపడం నా చేతిలోనే ఉంది కదా అనిపించింది. ఏ స్వామీజీ చెప్పలేదు, ఏ వీడియో చూడలేదు. చెయ్యి కడుక్కుని లేచాను.

బయటి ఊళ్ళో డ్యూటీ దిగితే మేము తిని పడుకునే రన్నింగ్ రూమ్‌లో కొన్నాళ్ళు నా మీదే జోకులు. "క్యా బాబాజీ, ప్రవచన్ కబ్ హై?" అన్నాడొకడు, కోడికాలు చీకుతూ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అహింస మొదలుపెట్టిన వారంలోనే వాడి కాలరు పట్టుకోబోయాను. అమ్మ మాత్రం గొడవ చెయ్యలేదు. "పెరుగు తింటన్నావు గదా, పర్లేదు" అంది.

పెరుగు దగ్గరికి వ్యవహారం రావడానికి కారణం మా పాలవాడు. రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ ఆయనే పోస్తున్నాడు. ఒక పొద్దున పాలు తక్కువ తెచ్చాడు. ఏమైందని అమ్మ అడిగితే, "బూఢీ హో గయీ థీ అమ్మా, ఛోడ్ దియా" అన్నాడు. ఆవు ముసలిదైపోయింది, వదిలేశాడు. ఎక్కడ వదిలావని నేను అడిగాను. "లైన్ కే ఉస్ పార్" అన్నాడు, మామూలుగా. పట్టాల అవతల. కోడెదూడల్నీ అంతేనట. ఆయన చెడ్డవాడేమీ కాదు, పాలివ్వని దానికి మేత ఎక్కణ్ణుంచి తెస్తాడు? అమ్మ పాలగిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ ఆ ఆవు పాలు తోడుపెట్టుకుని తిన్నది మేమే. అది తిని వెళ్ళి నేను హారన్ కొట్టి తరిమేది అలాంటివాటినే.

ఆ రోజు డ్యూటీకి వెళ్తూ పెరుగు వద్దన్నాను. ఎందుకని అమ్మ అడిగితే గ్యాస్ అని చెప్పాను. అసలు మాట చెబితే అమ్మ చేతి అన్నాన్ని తప్పుబట్టినట్టవుతుందని నా భయం.

అమ్మ మొదట వాము నమలమంది. తర్వాత, గ్యాస్‌కి పెరుగే మందని వాదించింది. ఆ తర్వాత వాదన మానేసి అన్నం మానేసింది. నేను బండి దిగానని ఫోన్ చేసేదాకా ఆవిడ ముద్ద ముట్టదు. గూడ్స్ బండి ఎప్పుడు గమ్యం చేరుతుందో దేవుడికి కూడా తెలీదు. ఒక్కోసారి పొద్దున బయలుదేరిన వాణ్ణి దీపాలు పెట్టే వేళకి దిగుతాను. అప్పటిదాకా ఆవిడ గుమ్మంలోనే.

మా ఆవిడ స్కూల్ టీచరు, మొహమాటం తెలీదు. ఒకరోజు వంటింట్లో నిలదీసింది. "అత్తయ్య సగమైపోయారు. బీపీ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటున్నారు. అచ్ఛా, ఆవుల మీదేనా మీ జాలి? అమ్మ మీద లేదా?"

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు కాబట్టి ఇంకా మండింది. నా వల్ల ఏ ప్రాణమూ పోకూడదనుకుంటే, పోయేవాటి జాబితాలోకి మా అమ్మే వచ్చేలా ఉంది.

మర్నాడు డ్యూటీకి ముందు పళ్ళెం ముందు కూర్చుని, "పెరుగు వెయ్యమ్మా" అన్నాను. ఓడిపోయానని తెలుసు, అయినా మనసు తేలికపడింది. అమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది గానీ గరిట ముంచలేదు.

"గ్యాసేటీ కాదు" అంది. "పాలోడు ఆవుని వొదిలీసేనన్న రోజు నుంచి నువ్వు ముట్టుకోడం లేదు. నాకు తెలీదనుకున్నావేటి?"

తలొంచుకుని మొత్తం చెప్పాను. పట్టాల మీద తల తిప్పి చూసే కళ్ళ గురించి కూడా చెప్పాను. ఆ మాట నేను అంతకు ముందు ఎవరితోనూ అనలేదు.

అమ్మ గిన్నె కింద పెట్టి నా పక్కన చతికిలబడింది.

"మీ నాన్న కూడా ఒక్కోరోజు వొచ్చి ఇలగే కూకుండిపోయేవోడు. మొకం సూస్తే తెలిసిపోయేది నాకు, దార్లో ఏదో పడిపోయిందని. అడిగితే ఏడుస్తాడని భయం. మగోడు ఏడిస్తే ఏటి సెయ్యాలో నాకు తెలీదు. అందికే పెరుగన్నం కలిపీసి, తినీసి తొంగో అనీదాన్ని, సల్లబడతాడని. ఆయన తినీసి తొంగునీవోడు. అలగే ఎల్లిపోయేడు, ఒక్క మాటా సెప్పకుండా."

నేను పెరుగు గిన్నె వైపు చూశాను.

"అంటే క్షేమం కోసం కాదేటే అమ్మా, పెరుగు?" అన్నాను.

"అదీ ఉంది, ఇదీ ఉంది" అని, గిన్నె మీద మూత పెట్టేసింది. తనకీ ఒక పళ్ళెం తెచ్చుకుంది. ఆ రోజు ఇద్దరం చారన్నం తిన్నాం. నేను బయలుదేరేటప్పుడు ఆవిడ కడుపు నిండి ఉంది. బండి నడుపుతున్నంతసేపూ ఆ సంగతే గుర్తొచ్చి సంతోషంగా ఉంది నాకు.

కొన్నాళ్ళకి పెరుగుకి బదులని అమ్మ బజారు నుంచి కొత్త మట్టికుండ ఒకటి తెచ్చింది. శ్రీకాకుళం వైపు మా అమ్మమ్మ వాళ్ళింట్లో తరవాణి పెట్టేవారట. గంజి పులియబెట్టి, అందులో అన్నం నానబెట్టి, పొద్దున ఉప్పు వేసుకుని ఉల్లిపాయ నంజుకుంటారు. "మాకు పాడి ఎక్కడుందిరా? మేవంతా దీంతోనే ఎదిగేం" అంది అమ్మ, అదేదో తనే కనిపెట్టినంత గొప్పగా. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ కుండలోకి తొంగిచూసి, "అరే, ఏ తో హమర్ బాసీ హే!" ఇది మా బాసీయే కదా అని ఒకటే నవ్వు. వేసవంతా వాళ్ళు తినేదీ దాదాపు అదేనట. మర్నాడు నంజుకోవడానికి ఏదో ఆకుకూర వండి పంపింది. ఇన్నేళ్ళుగా గోడకి అటొకరూ ఇటొకరూ ఉంటూ, ఒకే కూడు తిని పెరిగామని ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఇల్లంతా మారిపోయిందని చెప్పను. మా ఆవిడ ఇప్పటికీ పాల టీయే తాగుతుంది, ఆదివారం తెలిపారా బజారు వైపు వెళ్తే చేపలు తెచ్చుకుంటుంది. నేను నోరు మూసుకుంటాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, అది మాంసం మానడం కన్నా కష్టం. పాలవాడు మాత్రం ఇప్పుడు మాకు సగమే పోస్తున్నాడు. ముసలి ఆవుల్ని ఏం చెయ్యాలని నేనూ ఆయనా గేటు దగ్గర మాట్లాడుకుంటూ ఉంటాం. ఇంకా ఏమీ తేలలేదు. అయినా మాట్లాడుకుంటున్నాం, ముందు అదీ లేదు.

ఈ వానాకాలంలో ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. దారిలో ఒక మంద మొత్తం పట్టాలు దిగిపోయింది, వెనకబడ్డ దూడ ఒక్కటి దిగలేకపోయింది. కాళ్ళు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాను. అమ్మ పళ్ళెం పట్టుకొచ్చి నా మొహం చూసింది. చూసి, పళ్ళెం పక్కకి జరిపేసి, మోకాళ్ళు పట్టుకుంటూ నా ఎదురుగా కూర్చుంది.

"కూడెక్కడికీ పోదు" అంది. "ఏటయిందో ముందు సెప్పు, నాయినా."