అన్నం ఆపిన అత్తయ్యగారు

మా అత్తయ్యగారు పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది నా మాజీ భర్త. గురువారం, కువైత్‌లోని జాబ్రియాలో మా స్కూలు పిల్లలు బస్సులెక్కే వేళ. "పిన్ని పోయింది. పొద్దున్న, అంబాజీపేటలోనే. నిద్దట్లోనేనంట. నీకు చెప్పాలిగా మరి," అన్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ఏ కబురూ వేళకు చెప్పి ఎరగని మనిషి, ఇదొక్కటీ వేళకు చెప్పాడు. నాకు ఏడుపు కంటే ముందు విసుగొచ్చింది. ఆవిడ సంగతి ఏదైనా సరే, నాకు మొదట వచ్చేది ఎప్పుడూ విసుగే.

ఆవిడ అతనికి స్వయానా తల్లి చెల్లెలు. నేను పెళ్లి చేసుకుని కువైత్‌లో దిగేసరికే, రిగ్గైలో తాముండే బిల్డింగులోనే కింది అంతస్తులో మాకు ఫ్లాటు చూసి ఉంచారు. మామయ్యగారు అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి వెళ్లిపోయేవారు. ఇక ఆవిడకు రోజంతా నేనే పని. బెల్లు కొట్టే అలవాటు ఆవిడకు లేదు. తిన్నగా వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి, "ఇది చారా, చెయ్యి కడుక్కున్న నీళ్లా?" అనేవారు. నేను స్కూల్లో చేరాక క్లాసు మధ్యలో ఫోన్ చేసి, వంకాయలు లేతవి వచ్చాయి, తీసుకోనా వద్దా అని అడిగేవారు. వద్దంటే తీసుకునేవారు.

వాళ్లింటికి ఎవరొచ్చినా ముందు కంచం పెట్టాల్సిందే. లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన ఈజిప్టు మనిషి కూడా ఆవకాయ తిని, కళ్లు తుడుచుకుని, మళ్లీ వచ్చి తిన్నాడు. ఆ ఇంట్లో దీనికొక చట్టముంది. "కంచం ముందు కూకున్నోడితో తగువు మాటాడకూడదు," అనేవారు. మామయ్యగారు బకెట్ విరగ్గొట్టినా సరే, ఆయన చెయ్యి కడుక్కునే దాకా ఆగి, అప్పుడు అందుకునేవారు.

నాకూ మా ఆయనకూ ఎందుకు పొసగలేదో ఇక్కడ రాయను. రాస్తే ఆవిడ పైనుంచి దిగొచ్చి తప్పులు దిద్దుతారు. ఇద్దరం ఇష్టపడే విడిపోదామనుకున్నాం. ఊళ్లో కోర్టు సంగతి వకీలు చూసుకుంటానన్నాడు. చిక్కంతా ఇక్కడే. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికి నాకున్న అనుమతి, భార్యగా అతని పేరు మీద ఉంది. విడాకులొస్తే అది పోతుంది. అతనికి కోపమొచ్చి కొట్టేయించినా పోతుంది. స్కూలు వాళ్లు నన్ను తమ వీసా మీదకు మార్చుకుంటామన్నారు. దానికి భర్త సంతకం పెట్టిన రిలీజ్ కాగితం కావాలి. అంటే అతన్ని వదిలించుకోవడానికి కూడా నాకు అతని అనుమతే కావాలన్నమాట. ఈ మాట ఆఫీసులో వినగానే నాకు నవ్వొచ్చింది. బయటికొచ్చాక నవ్వు రాలేదు. వేసవి సెలవులకు ముందే నా ఇఖామా అయిపోతోంది. ఈలోగా మారకపోతే ఉద్యోగం వదిలేసి, ఊళ్లో అన్నయ్య ఇంట్లో ముందుగదిలో సూట్‌కేసు దించుకోవాలి. ఆ ఉద్యోగం తప్ప నాదంటూ నాకింకేమీ లేదు.

సంతకం పెట్టనని అతను ఎప్పుడూ అనలేదు. అంటే పోట్లాడేదాన్ని. "చూద్దాంలే" అనేవాడు. అప్పటికే అహ్మదిలో స్నేహితుల గదికి మారిపోయాడు. ఫోన్ చేస్తే, "నువ్వు కొన్నాళ్లు ఇంటికాడ ఉండొచ్చెయ్, అన్నీ అవే సద్దుకుంటాయి," అనేవాడు.

గత్యంతరం లేక అత్తయ్యగారికి చెప్పాను. "మావోడు అలాంటోడు కాదే," అన్నారు ముందు. రెండో మాట, "నాకొదిలెయ్. శుక్రవారం భోజనానికి పిలుత్తాను."

పిలిచారు. గుత్తివంకాయ, కంద బచ్చలి, జుబైదీ చేపల పులుసు. వడ్డించడానికి నన్నే పిలవడం ఆవిడకే చెల్లింది. అతను తింటున్నంతసేపూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకూడదుగా, చట్టం. తిన్నాక సోఫాలో వాలి గుర్రుపెట్టాడు. పడుకున్నవాణ్ని లేపుతామా? లేచాక టీ. టీ అయ్యేసరికి అహ్మది వెళ్లే స్నేహితుడి కారు కింద హారన్ కొట్టింది. మరుసటి శుక్రవారం మళ్లీ ఇదే. ఆపై శుక్రవారం పనసపొట్టు కూర చేశారు, మిగతాదంతా మామూలే. ఈలోగా స్కూలు తరఫున కాగితాలు తిప్పే మనిషి నన్ను వరండాలో చూసినప్పుడల్లా, "మేడం, పేపర్? యల్లా, యల్లా!" అని చేతి గడియారం చూపించేవాడు.

ఒకరోజు మెట్లెక్కి వెళ్లి అరిచేశాను. "మీరు మేపుతున్నారు, అతను బలుస్తున్నాడు. ఇక్కడ నా ఇఖామా చిక్కిపోతోంది!"

ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నారు. "ఆకలి మీదున్నోడికి బుద్ధి పనిచెయ్యదే. కడుపు నిండితే మెత్తబడతాడు."

"కడుపు నిండితే నిద్రపోతున్నాడు అత్తయ్యగారూ!"

ఆవిడ ఒక రాయి ఏరి పారేసి, "అవునే, మరి నా ఇఖామా ఎవరి పేరు మీదుంది?" అన్నారు.

"మామయ్యగారి పేరు మీదే."

"ఆయనకి కోపమొచ్చి కొట్టేయిత్తే?"

"మీరు వెళ్లిపోవాలి."

"ఆయన పోతే?"

"అప్పుడూ అంతే."

అన్నేళ్లుగా ఆ ఫ్లాటులో పూజగది అమర్చుకుని, బాల్కనీలో కరివేపాకు పెంచుకుని, తన ఇల్లే అనుకుని ఉన్నారావిడ. చేటలో వేళ్లు ఆగిపోయాయి. "ఇదేం బతుకే," అని చాలా మెల్లగా అన్నారు. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

ఆ శుక్రవారం అతను వచ్చి కూర్చున్నాడు. పక్కనే మామయ్యగారు. కంచాల్లో పప్పు పడింది, కూర పడింది, గిన్నెల్లో పులుసు పడింది. గోంగూర, అప్పడం, నెయ్యి కూడా వచ్చాయి. అన్నం రాలేదు.

"పిన్నీ, అన్నం?"

అత్తయ్యగారు కంచం పక్కన రిలీజ్ కాగితం, పెన్ను పెట్టారు. "సంతకం పెట్టు. పెడతాను."

"ఇప్పుడా? కంచం ముందు తగువు మాటాడకూడదని నువ్వేగా అంటావు!"

"అన్నాను. ఇయ్యాళ అన్లేదు."

"నాక్కూడా పెట్టవేంటి? నేనేం చేశాను?" అన్నారు మామయ్యగారు.

"మీరూ మొగుడేగా. కూకోండి."

కంచం ముందు నుంచి తినకుండా లేవడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. అతను పులుసులో వేలు ముంచి నాకాడు, అప్పడం విరిచాడు, నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. చివరికి మామయ్యగారే, "పెట్టెయ్యరా బాబూ, పులుసు చల్లారిపోతంది," అన్నారు. పెట్టాడు. అత్తయ్యగారు అన్నం వడ్డించే హస్తంతో, ఆ పెద్ద గరిటెతో, కంచం నిండా పెట్టారు, రోజూ కన్నా ఎక్కువే. పెడుతూ పైటచెంగుతో కళ్లు తుడుచుకున్నారు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. నాకోసం ఆ చేత్తోనే అతని అన్నం ఆపారు. ఆ రుణం నేనెలా తీర్చుకోను?

కొత్త ఇఖామా అంటించిన పాస్‌పోర్టు తీసుకెళ్లి చూపించాను. "ఇందులో మావోడి పేరు లేదుగా?" అన్నారు.

"లేదు. స్కూలు పేరుంది."

"అయితే ఇదో మొగుడు," అని నిట్టూర్చారు. "దీంతోనైనా గొడవ పెట్టుకోకు."

విడాకుల కాగితం వచ్చాక నేనే మొహమాటపడి, ఇకమీదట మిమ్మల్ని ఏమని పిలవమంటారని అడిగాను. "ఆ పిలుపు మీద ఇఖామా ఎవడు కొట్టాడే, అయిపోవడానికి?" అని కసిరారు. ఆ తర్వాత కూడా బెల్లు కొట్టకుండానే వచ్చేవారు.

కొన్నేళ్లకు మామయ్యగారు డ్యూటీలోనే గుండె ఆగి పోయారు. నెలలు తిరక్కుండానే ఆవిడ వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆఫీసుల చుట్టూ నేనే తిప్పాను, నాకు తెలిసిన కిటికీలన్నింటి దగ్గరా నిలబెట్టాను. ఎక్కడ అడిగినా ఒకటే మాట, ఖలాస్. బయల్దేరే రోజు కరివేపాకు కుండీ నా బాల్కనీలోకి చేర్చి, ఖాళీ ఇంట్లో సూట్‌కేసు మీద కూర్చుని నన్ను అడిగారు.

"నీకంటే మావోడున్నాడు, కూకోబెట్టి అన్నం ఆపాను. నాకోసం ఎవర్ని కూకోబెట్టి ఆపాలే?"

ఆవిడ లేచి, అన్నం హస్తం నా చేతిలో పెట్టి, కొంగు దోపుకుని కారెక్కారు.

ఆవిడ పోయిన మర్నాడు శుక్రవారం. చెప్పాపెట్టకుండా అతను వచ్చాడు. ఎందుకొచ్చావని నేను అడగలేదు. కంచం పెట్టాను. పప్పు, కూర, పులుసు వడ్డించాను. ఆవిడిచ్చిన హస్తం అన్నం గిన్నెలో పెట్టబోయి ఆగిపోయాను. అతను కంచం వైపు చూస్తూ కూర్చున్నాడు, అన్నం అడగలేదు. గిన్నెలోంచి ఆవిరి పైకి లేస్తూనే ఉంది.