ఏనుగు, మందు, మా మేనేజరు

అల్ సద్‌లోని క్లినిక్కులో నర్సు సూది వేయబోతూ నా చేతికి స్పిరిట్ దూది రుద్దింది. ఆ ఘాటుకి ఫ్రాంక్ గుర్తొచ్చాడు. ప్రపంచ కప్పు కోసం దోహా అంతా క్రేన్లతో నిండిపోయిన రోజుల్లో, ఒక స్టేడియం సైటులో ఆయన మా సేఫ్టీ మేనేజరు. ఆయన మాటలు తెలుగు పనివాళ్ళకి, వాళ్ళ మాటలు ఆయనకి చెప్పడం నా పని. లండన్ మనిషి. నాది అమలాపురం. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. అంతా అర్థమైనట్టు తలూపడం మాత్రం బాగా వచ్చు.

ఒక ఉదయం లింబాద్రి అనే నిజామాబాద్ పనివాణ్ణి ఫోర్‌మన్ పట్టుకొచ్చాడు. పరంజా దగ్గర తూలుతున్నాడట. తాగి డ్యూటీకి వచ్చాడని తేలితే ఉద్యోగం ఊడడమే కాదు, విమానం ఎక్కించేస్తారు. ఫ్రాంక్ అతణ్ణి పరీక్షగా చూసి, నావైపు తిరిగి, "ఎలిఫెంట్సా?" అన్నాడు.

నాకేమీ పాలుపోలేదు. విన్నది విన్నట్టే అడిగాను. "లింబాద్రీ, సారు ఏనుగు గురించి అడుగుతున్నారయ్యా."

"ఏనుగా? నేనేం జూడలే సార్!" అతను బెదిరిపోయాడు. "పానం మంచిగ లేక పొద్దుగాల మందేసుకున్న, గంతే."

"చూశారా, ఒప్పేసుకున్నాడు!" అన్నాడు ఫోర్‌మన్. ఆయనదీ మా కోస్తానే.

రోగానికి వేసుకునేదీ మందే, సీసాలోంచి తాగేదీ మందే. ఏది చెప్పను? "నాకు అర్థం కాలేదు" అన్నాను ఫ్రాంక్‌తో, మొదటిసారి.

"అయితే మళ్ళీ అడుగు" అన్నాడాయన, విసుగు లేకుండా.

"ఏం మందు, లింబాద్రీ?"

"జరానికి సార్. క్యాంప్ క్లినిక్‌ల ఇచ్చిండ్రు." జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. ఫ్రాంక్ తన కారులోనే మా ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. లింబాద్రి కోలుకుని మళ్ళీ పనిలో చేరాడు.

ఆ రోజే ఆసుపత్రి వరండాలో నాకు ఏనుగు సంగతి తెలిసింది. ఎలిఫెంట్స్ ట్రంక్ అంటే ఏనుగు తొండం. ట్రంక్‌కి డ్రంక్‌తో ప్రాస. ఫ్రాంక్ వాళ్ళ పేటలో ప్రాస కలిసే మాటను మింగేసి, ముందున్నది మాత్రమే పైకి అంటారట. అంటే పొద్దున ఆయన అడిగింది, తాగాడా అని. బయటివాళ్ళకి తెలియకూడదని బజారు జనం మొదలుపెట్టారని ఆయన విన్నాడట.

"మా ఇంట్లో తాగుడు అనే మాటే అనేవాళ్ళు కాదు. 'మీ నాన్న ఇవాళ ఎలిఫెంట్స్' అనేది అమ్మ. నిజంగానే ఏనుగు వస్తుందని కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి" అని నవ్వాడు.

నేనూ నవ్వబోయి ఆగాను. "మరి నాన్నగారు వచ్చాక?"

"డాక్టరు పిలుస్తున్నట్టున్నాడు" అంటూ లేచాడు. ఎవరూ పిలవలేదు.

కప్పు మొదలవకముందే ఆయన ఖతార్ వదిలి వెళ్ళిపోయాడు. అర్థం కాకపోతే కాలేదని పదిమందిలో చెప్పడానికి నేనిప్పుడు సిగ్గుపడను. ఆ వరండాలో మాత్రం ఆయన్ని ఇంకోసారి అడగవలసిందో, అడగకపోవడమే మంచిదైందో నాకు ఈనాటికీ తెలియదు.