ఎదురుకాళ్ల వైద్యం

నా కూతురు ఎదురుకాళ్లతో పుట్టింది. ముందు పాదాలు, తరువాత తల. ఆ కాన్పులో నేను బతికి బయటపడ్డానని సంతోషించినవాళ్లు అత్తవారింట్లో ఒక్కరూ నాకు గుర్తు లేరు. మా అత్తగారు మాత్రం పిల్ల పాదాలు పట్టుకు చూసి, "ఇంక గురజాలలో నడుం పట్టేసినోళ్లంతా మన గడపకే రావాల" అంది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం.

మొదటి తన్ను నాకే దక్కింది.

పిల్లకు ఏడాది నిండాక, నీళ్ల బిందెతో పెరట్లో తడి నాపరాళ్ల మీద జారి వెల్లకిలా పడ్డాను. మా ఆయన చాప మీదికి చేర్చారు. బిడ్డ పాకుతూ వచ్చి చేతులు చాచింది. ఎత్తుకోబోయి అరిచాను. ఆ అరుపుకు జడుసుకుని ఏడుస్తుంటే అత్తగారు చంకనేసుకుపోయింది. ఇక పిల్ల ఆ చంక దిగలేదు.

మరునాడు నన్ను బోర్లా పడుకోబెట్టి, పిల్లను చంకల కింద పట్టుకుని, ఆ పాదాలతో నా నడుము మీద తొక్కించింది.

"తన్నవే నా బంగారం! మీ అమ్మ చదివిన కాలేజీలో ఇయ్యని మందు!"

చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. ఆట అనుకుని నా బిడ్డా నవ్వింది. నేను చాప అంచు కొరుక్కుంటూ పడుకున్నాను. ఆ నవ్వుల్లో ఏది ఎవరి గొంతో ఈనాటికీ చెప్పగలను.

నొప్పి ఎడమకాల్లోకి దిగింది. మా నాన్న వచ్చి రైల్లో గుంటూరు తీసుకుపోయాడు. పిల్లను పంపడానికి అత్తగారు ఒప్పుకోలేదు. ఆస్పత్రిలో లేడీ డాక్టరు చూసి ఎముక విరగలేదంది. కొన్నాళ్లు కదలనివ్వలేదు. ఆ తరువాత ఒక నర్సు పక్కన నిలబడి నడుము లేపడం, కాళ్లు ఎత్తడం, మోకాళ్లు వంచి బరువు అందుకోవడం నేర్పింది. "సీసాలో పోసిచ్చే మందు లేదమ్మా. రోజూ ఇవి చేస్తేనే బిడ్డను ఎత్తుకుంటావు. మానేస్తే ఇంతే" అంది డాక్టరు. ఆ "ఇంతే" నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

తిరిగి వచ్చేసరికి నా కూతురు నన్ను చూసి అత్తగారి చీర వెనక దాక్కుంది. ఆమెనే "అమ్మా" అని పిలుస్తోంది. ఎవరూ దిద్దలేదు.

వసారాలో చాప వేసి మొదలుపెట్టాను.

"ఏమే, ఏందా దొర్లాట? ఇది ఇల్లా, తాలింఖానానా?" అంది అత్తగారు. గోడ అవతల పొరుగావిడకి కూడా వినిపించేలా అరిచింది. "ఒదినా, మా కోడలు కుస్తీకి దిగుద్దంట! మీ దాన్ని గూడా పంపు!"

"మా దానికి తిరగలి చాల్లే ఒదినా!"

"తలుపేసుకుని చేసుకోరాదా?" అన్నారు మా ఆయన. తలుపు వేసుకుంటే, పట్టపగలు తలుపేందని అత్తగారే అరిచేది. నొప్పి కంటే కోపమే నన్ను ఎక్కువ లేపేది. ఖాళీ బిందె ఎత్తాను. తరువాత సగం నీళ్లతో. నడుములో ఏ కాస్త చురుక్కుమన్నా, ఇంతేనేమోనని చెమటలు పట్టేవి.

ఒక ఉదయం రెంటచింతల నుంచి ఒక బండివాడు నడుము పట్టుకుని వచ్చాడు. అరుగు మీద బోర్లా పడుకుని మూలుగుతున్నాడు. ఆ మూలుగుకు పిల్ల బెదిరి కాళ్లు ముడుచుకుంది. అత్తగారు మడమలు పట్టి లాగుతోంది. పిల్ల గుక్కపెట్టింది.

నేను వెళ్లి, నర్సు చెప్పినట్టు మోకాళ్లు వంచి, పిల్లను గుండెకు అదుముకుని లేచాను. నడుము నిలిచింది.

"నా బిడ్డ ఎవర్నీ తన్నదు."

అత్తగారు వెంటనే బండివాడి వైపు తిరిగింది.

"చూశావంట్రా అబ్బాయ్! మంచం దిగలేనిది పిల్లనెట్టా ఎత్తుకుందో! అంతా ఈ పాదాల మహిమే. పడుకో, పడుకో. నీకూ తన్నిస్తా."

లోపలికి పోయి గడియ పెట్టాను. అవతల తలుపు మీద ఆమె చేతి గాజులు మోగుతున్నాయి. పిల్ల ఆ చప్పుడు వైపే వంగి, "అమ్మా, అమ్మా" అని ఏడుస్తూ, వదలమని నా భుజం కొరికింది.

దించలేదు.