డాక్టరుగారి బండి

డెబ్భైల మొదట్లో నాకు బాపట్లలో ఉద్యోగం. పొలాల వెంట తిరిగి వరికి పట్టే తెగుళ్ళు చూడడం నా పని. సైకిలు తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాక, రేపల్లెలో ఒక డాక్టరుగారి పాత మోటారుసైకిలు అమ్మకానికి ఉందని తెలిసి వెళ్ళి కొన్నాను. డాక్టరుగారు ఆ వానాకాలంలోనే పోయారు. ఆ బండి మీదే చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి వైద్యం చేసేవారట. ఆయన బావమరిది దానికి కొత్తగా నల్లరంగు వేయించి, తళతళా తుడిచి, తాళం నా చేతికిచ్చాడు.

తెనాలి వైపు బయల్దేరాను. రేపల్లె దాటి ఎంతో దూరం పోకుండానే, కాలవ పక్కనున్న ఒక పెంకుటింటి ముందు ఇంజను దగ్గినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. కిక్కు కొట్టీ కొట్టీ కాలు పట్టేసింది తప్ప ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు ఊడదీసి చూశాను. పొడిగా ఉంది. ఇంజనుకి ఆనించి కిక్కు కొడితే నీలంగా నిప్పురవ్వ వస్తోంది. బండి ఊపితే ట్యాంకులో పెట్రోలు గలగలమంటోంది. అన్నీ ఉన్నాయి, ప్రాణం మాత్రం లేదు.

ఇంట్లోంచి ఒక ముసలావిడ గోడ తడుముకుంటూ వచ్చింది. కళ్ళ నిండా తెల్లటి పొర.

"ఇవాళ ఇంత పొద్దుపోయిందేంటి బాబూ?" అంటూ నాడి చూడమన్నట్టు చెయ్యి చాపింది.

"నేను డాక్టర్ని కానమ్మా. ఆయన బండి కొనుక్కున్నాను."

ఆవిడ నవ్వింది. "నీకెప్పుడూ పరాచికాలే" అని, చాపిన చెయ్యి దించకుండా నిలబడింది.

ఏం చెయ్యాలో తోచక ప్లగ్గు బిగించి మళ్ళీ కిక్కు కొట్టాను. ఒక్క దెబ్బకే స్టార్టయింది. ఎక్కి వెళ్ళిపోయాను.

తెనాలిలో మెకానిక్కు బండిని విప్పి పరిచేశాడు. కార్బురేటరు కడిగాడు, వైర్లు మార్చాడు. ఆ వారమంతా బండి షెడ్డులో ముక్కలుగా ఉంది. నేను రైల్లో బాపట్ల వెళ్ళి, బిగించాక వచ్చి తీసుకున్నాను.

"ఇంకేం ఢోకా లేదు సార్" అన్నాడు.

రేపల్లె వైపు పొలాల్లో పని ఉండి అటే వెళ్ళాను. దారంతా హాయిగా నడిచింది. ఆ పెంకుటిల్లు కనిపించింది. సరిగ్గా గుమ్మం ముందు, అదే దగ్గు. ఆగిపోయింది.

ఈసారి ముసలావిడ కోడలు బయటికొచ్చింది.

"కంగారుపడకండి అన్నయ్యగారూ. ఈ చప్పుడు మాకు కొత్తా ఏంటి? ఈ వారమంతా రోజూ మాపటేళ వినిపిస్తూనే ఉంది. ఇక్కడికొచ్చి ఆగుద్ది. నేను తలుపు తీసేసరికి ఎవరూ ఉండరు."

"వారమంతా ఇది తెనాలిలో విప్పేసి ఉందమ్మా" అన్నాను.

ఆమె పైట భుజాల చుట్టూ లాక్కుంది.

చేతులకి ఏదో ఒక పని కావాలని పెట్రోలు ట్యాంకు మూత తిప్పాను. సుయ్యిమని లోపలికి గాలి పీల్చుకుంది. మూత తిరగేసి చూస్తే, గాలి పోవడానికి ఉండే సన్నటి బెజ్జం కొత్త రంగుతో పూడిపోయి ఉంది. గాలి అందక పెట్రోలు కిందికి దిగడం లేదన్నమాట. కోడలి దగ్గర పిన్నీసు తీసుకుని పొడిచి, కిక్కు కొట్టాను. ఇంజను హాయిగా అందుకుంది. ఇంతేనా అని పైకే నవ్వాను కూడా.

అంతలోనే నవ్వు ఆగిపోయింది. మొదటిసారి రేపల్లె నుంచి వచ్చాను, అది కూతవేటు దూరం. ఈసారి తెనాలి నుంచి, అది చాలా దూరం. బెజ్జం పూడితే బండి ఆగుతుంది, సరే. రెండుసార్లూ ఈ గుమ్మం ముందే ఎందుకాగాలి?

"బాబూ!" లోపల్నించి ముసలావిడ పిలిచింది. "ఒక్కసారి చెయ్యి చూసి వెళ్ళు."

కోడలు నా వంక చూసింది. ఇంజను ఆపి లోపలికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నాకు నాడి చూడడం ఏం తెలుసు? చర్మం కింద చిన్నగా కొట్టుకుంటోంది. బాగానే ఉందమ్మా అన్నాను.

ఆవిడ రెండో చేత్తో నా వేళ్ళు తడిమింది.

"ఇవాళ నీ చెయ్యి వెచ్చగా ఉంది నాయనా" అంది. "నిన్న మంచుగడ్డలా ఉంది."

మంచినీళ్ళ చెంబుతో గుమ్మంలోకి వచ్చిన కోడలు, చెంబు అక్కడే దించేసి వెనక్కి జరిగింది. నేను ఎలా లేచానో, ఏం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు.

ఆ తర్వాత బండి ఏనాడూ మొరాయించలేదు. రేపల్లె పని పడితే మాత్రం రైలుకే పోయేవాణ్ణి. బదిలీ వచ్చినప్పుడు దాన్ని రామాపురంలో ఒక చేపల వ్యాపారికి అమ్మేశాను. "స్టార్టింగు ఎలా ఉంటుందండి?" అని అడిగాడు. ఒక్క దెబ్బకే స్టార్టవుతుందని చెప్పాను. అది నిజమే.